తొంభై రోజుల ఖాతా: షెంజెన్ వీసా లెక్క విప్పి చూద్దాం

జులై 1న ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగడం, సెప్టెంబరు 30న తిరుగు ప్రయాణం. పురుటికి వస్తున్న అమ్మ కోసం జర్మనీలో ఉన్న కూతురే టికెట్లు వెతికింది. ‘‘మూడు నెలలు ఉండొచ్చు కదమ్మా, సరిగ్గా మూడు నెలలకే చేసేస్తున్నా’’ అంది ఫోన్లో. అమ్మ సరేనంది. ఇలాంటి ఫోను మాటలు ఇప్పుడు చాలా తెలుగు ఇళ్లలో వినిపిస్తున్నాయి. అయితే ఈ టికెట్టులో రెండు రోజుల తప్పు దాగుంది.

జులైకి 31, ఆగస్టుకి 31, సెప్టెంబరుకి 30. కూడితే 92. వీసా ఇచ్చేది గరిష్ఠంగా 90. అంటే ఆవిడ సెప్టెంబరు 28 దాటకముందే యూరప్ సరిహద్దు దాటి బయటపడాలి. ‘మూడు నెలలు’ అన్న మాట చట్టంలో లేదు. 2013 అక్టోబరు 18 దాకా ఉండేది. ఆ రోజు నుంచి దాన్ని తీసేసి రోజుల లెక్క పెట్టారు. మన నోళ్లలో మాత్రం పాత మాటే మిగిలిపోయింది.

యూరప్‌లో నాలుగైదు దేశాలు చుట్టి రావాలనుకునేవాళ్లకి ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఇలాంటివే. వీసా మీద కనిపించే ప్రతి అంకె ఒక్కో ప్రశ్నకి జవాబు. ఎప్పుడు లోపలికి రావచ్చన్నది ఒకటి, ఎన్నాళ్లు ఉండవచ్చన్నది ఒకటి, ఎన్నిసార్లు రావచ్చన్నది ఇంకొకటి. ఒకదాని జవాబుని ఇంకోదానికి అతికిస్తేనే తిప్పలు మొదలవుతాయి. ఆ అంకెల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

29: ఒకే గేటు, ఇరవై తొమ్మిది ఇళ్లు

షెంజెన్ అనేది లక్సెంబర్గ్‌లో మోజెల్ నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరు. 1985 జూన్ 14న అక్కడ నది మీద లంగరేసిన ఓడలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ప్రతినిధులు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. మన ఐదు దేశాల మధ్య పాస్‌పోర్టు తనిఖీలు తీసేద్దాం అన్నది దాని సారాంశం. అది అమల్లోకి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 1995 మార్చి 26న స్పెయిన్, పోర్చుగల్‌లను కూడా కలుపుకొని ఏడు దేశాలతో మొదలైంది. ఇప్పుడు ఆ సంఖ్య 29.

దీన్ని మన గేటెడ్ కమ్యూనిటీలా ఊహించుకోవచ్చు. గేటు దగ్గర సెక్యూరిటీ పేరు రాసుకుంటాడు, ఎవరింటికి అని అడుగుతాడు. లోపలికి వెళ్లాక మూడో బ్లాకు నుంచి ఏడో బ్లాకుకి నడిచినా ఎవరూ రిజిస్టరు తీయరు. షెంజెన్‌లోనూ అంతే. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా రోమ్ వెళ్తుంటే మీ ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అయిపోతుంది. అక్కడి నుంచి రోమ్‌కి వెళ్లే విమానం, వీసా లెక్కలో, హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లినట్టే.

అయితే ఏ ఇల్లు గేటు లోపల ఉంది, ఏది బయట ఉంది అన్నది ముందే తెలియాలి. షెంజెన్, యూరోపియన్ యూనియన్ రెండూ ఒకటి కాదు. యూనియన్‌లోని 27 దేశాల్లో 25 మాత్రమే షెంజెన్‌లో ఉన్నాయి. ఐర్లాండ్, సైప్రస్ లేవు. యూనియన్‌లో లేని స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ మాత్రం ఉన్నాయి. 25కి 4 కలిపితే 29. బ్రిటన్ యూనియన్‌లో ఉన్న రోజుల్లో కూడా షెంజెన్‌లో చేరలేదు.

పాత గైడు పుస్తకాలు నమ్ముకుంటే ఇక్కడే దెబ్బ తింటాం. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది. బల్గేరియా, రొమేనియాలకు 2024 మార్చి 31న విమానాశ్రయాల్లో, ఓడరేవుల్లో తనిఖీలు పోయాయి, రోడ్డు, రైలు సరిహద్దుల్లో 2025 జనవరి 1న పోయాయి. ఈ మూడు దేశాల్లో గడిపిన రోజులు ఒకప్పుడు షెంజెన్ ఖాతాలోకి వచ్చేవి కావు. ఇప్పుడు వస్తాయి. పదేళ్ల కిందట వెళ్లొచ్చిన బంధువు ‘‘రొమేనియాలో ఉన్న రోజులు షెంజెన్ లెక్కలోకి రావు’’ అంటే, అది ఆయన నాటి నిజం.

ఇంకో చిన్న హెచ్చరిక. లోపలి తనిఖీలు అసలే ఉండవని కాదు. జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తాత్కాలిక తనిఖీలు పెట్టింది. బస్సులో, రైల్లో పోలీసులు ఎక్కి అడగవచ్చు. పాస్‌పోర్టు హోటల్ లాకర్లో వదిలేసి పక్క దేశం చూసొద్దామని బయల్దేరకూడదు.

90/180: వెనక్కి తిరిగి పెట్టే లెక్క

నియమం ఒక్క వాక్యమే: ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకి మించి ఉండకూడదు. ఆ ‘ఏ 180 రోజులైనా’ అన్న ముక్క దగ్గరే తల తిరుగుతుంది.

పాల లెక్క గుర్తు తెచ్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. పాలు పోయించుకున్న రోజున గోడ క్యాలెండరు గళ్లో టిక్కు పెడతాం, లేని రోజు వదిలేస్తాం. షెంజెన్‌లో ఉన్న ప్రతి రోజుకీ అలాగే ఒక టిక్కు పెట్టండి. ఇప్పుడు ఏదైనా ఒక తేదీ మీద వేలు పెట్టి, ఆ గడితో కలిపి వెనక్కి 180 గళ్లు లెక్కపెట్టండి. వాటిలో టిక్కులు 90 దాటకూడదు. రేపు ఇదే పని రేపటి గడి నుంచి చేయాలి. ముందు కొత్త గడి ఒకటి చేరుతుంది, వెనక పాత గడి ఒకటి రాలిపోతుంది. అక్కడ ఉన్నన్ని రోజులూ, రోజూ ఈ లెక్క సరిపోవాలి.

దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. రాత్రి 11 గంటలకి ఇమిగ్రేషన్ దాటినా అది పూర్తి రోజే. ఇది మనకి కొత్త పద్ధతేం కాదు. పదకొండో రోజున పురుడు అంటే బిడ్డ పుట్టిన రోజు కూడా కలిపే కదా లెక్కేస్తాం. అమ్మకి అలా చెబితే ఇక మళ్లీ చెప్పక్కర్లేదు.

ఈ లెక్కలో రెండు రకాల పొరపాట్లు చూస్తుంటాం. ఒకటి మనల్ని ముంచేది, ఇంకోటి మనకి దక్కాల్సింది పోగొట్టేది.

ముంచేది ఇది. ఏడాదిని జనవరి నుంచి జూన్, జులై నుంచి డిసెంబరు అని రెండు ముక్కలు చేసి, ఒక్కోదానికి 90 అనుకోవడం. ఒకాయన మే 2 నుంచి జూన్ 30 దాకా ఉన్నాడు. అవి 60 రోజులు. ‘రెండో అర్ధభాగం వచ్చింది, ఖాతా కొత్తది’ అనుకొని ఆగస్టు 15న మళ్లీ వెళ్లాడు. ఆగస్టు 15 నుంచి 180 గళ్లు వెనక్కి వెళ్తే ఫిబ్రవరి 17 వస్తుంది. మే, జూన్ రోజులన్నీ ఆ లోపలే ఉన్నాయి. ఆయనకి మిగిలినవి 30 రోజులే, అంటే సెప్టెంబరు 13 దాకా. మే 2 నాటి గడి రాలిపోయేది అక్టోబరు 29న. అప్పటిదాకా ఖాతాలో ఒక్క రోజు కూడా తిరిగి చేరదు.

పోగొట్టేది ఇంకోలా ఉంటుంది. ఆఫీసు పని మీద తరచూ వెళ్లే ఒక ఇంజినీరు జనవరి 10 నుంచి ఫిబ్రవరి 8 దాకా 30 రోజులు, ఏప్రిల్ అంతా మరో 30 రోజులు అక్కడ ఉన్నాడు. మళ్లీ జూన్ 15న వెళ్తున్నాడు. తొంభైలో అరవై పోతే ముప్ఫై, కాబట్టి జులై 14కి బయటపడాలి అనుకుంటాడు. నిజానికి అతను ఆగస్టు 13 దాకా, అంటే 60 రోజులు ఉండవచ్చు. ఎలాగంటే, జులై 9న వెనక్కి చూస్తే 180 గళ్లు జనవరి 11తో ఆగిపోతాయి. జనవరి 10 నాటి టిక్కు రాలిపోయింది. మర్నాడు జనవరి 11 పోతుంది. అలా రోజుకొకటి కొత్తగా చేరుతుంటే, రోజుకొకటి పాతది రాలుతుంటుంది. మొత్తం 84 దగ్గరే నిలబడిపోతుంది. ఆగస్టు 7తో జనవరి, ఫిబ్రవరి టిక్కులన్నీ అయిపోతాయి. అక్కడి నుంచి మళ్లీ పెరిగి, ఆగస్టు 13న 90కి చేరుతుంది.

చేత్తో వేసుకుంటే తప్పు పోయే అవకాశం ఉన్న లెక్క ఇది. యూరోపియన్ కమిషన్ వాళ్ల వెబ్‌సైటులో దీనికి కాలిక్యులేటరు ఉంది. పాత ప్రయాణాల తేదీలు కొడితే ఇంకా ఎన్ని రోజులు ఉండవచ్చో చెబుతుంది. అయితే అది చెప్పేది 90/180 గురించే. మీ వీసా మీద అంతకంటే తక్కువ రోజులు రాసి ఉంటే, ఆ తక్కువే మీకు వర్తిస్తుంది.

30, 15, 01: స్టిక్కరు చదవడం

పాస్‌పోర్టులో అంటించిన వీసా స్టిక్కరుని దగ్గరగా పట్టుకొని చూద్దాం. వేసవి సెలవుల్లో మే 10 నుంచి మే 24 దాకా టూరుకి వెళ్తున్న కుటుంబానిది అనుకుందాం.

‘ఫ్రమ్’ దగ్గర 10-05, ‘అంటిల్’ దగ్గర 08-06 అని ఉంటుంది. రకం దగ్గర ‘సి’ అక్షరం ఉంటుంది, అది స్వల్పకాలిక వీసాకి గుర్తు. ‘డ్యూరేషన్ ఆఫ్ స్టే’ దగ్గర 15. ‘నంబర్ ఆఫ్ ఎంట్రీస్’ దగ్గర 01.

మే 10 నుంచి జూన్ 8 అంటే 30 రోజులు. అడిగింది 15 రోజులకైతే 30 ఎందుకిచ్చారు? చాలామంది సంబరపడిపోయేది ఇక్కడే. ‘నెల రోజులకి ఇచ్చారు, మరో వారం ఉండి వద్దాం’ అనుకుంటారు. ఇచ్చింది 15 రోజులే. మిగతా 15 రోజులు వెసులుబాటు. సింగిల్ ఎంట్రీ వీసా గడువుకి 15 రోజులు అదనంగా కలపాలని యూరోపియన్ వీసా నియమావళే చెబుతోంది. విమానం మారినా, ప్రయాణం కొన్నాళ్లు వెనక్కి జరిగినా మళ్లీ వీసాకి పరుగెత్తకుండా ఉండేందుకు ఆ ఏర్పాటు. మే 20న వెళ్లి జూన్ 3న రావచ్చు, అవి 15 రోజులే. మే 10న వెళ్లి జూన్ 3న వస్తే 25 రోజులు, అది తప్పు.

తేదీలు గేటు తెరిచి ఉంచే కాలం చెబుతాయి. రోజుల అంకె లోపల ఎంతసేపు కూర్చోవచ్చో చెబుతుంది. ఏది ముందు ముగిస్తే దానితో వీసా అయిపోతుంది. జూన్ 1న వెళ్లినవారికి 15 రోజులు ఇంకా పూర్తి కాకపోయినా, జూన్ 8న బయటికి రాక తప్పదు.

01: లండన్ సరదా ఖరీదు

మూడో అంకె ఎంట్రీలది. 01 అంటే ఒకసారి, 02 అంటే రెండుసార్లు, ‘మల్ట్’ అంటే ఎన్నిసార్లయినా. గేటు బయటికి వెళ్లి లోపలికి వచ్చిన ప్రతిసారీ ఒక ఎంట్రీ ఖర్చవుతుంది. దేశాల సంఖ్యతో దీనికి సంబంధం లేదు. 01 వీసాతో పది షెంజెన్ దేశాలు తిరగవచ్చు. అదే 01 వీసాతో పారిస్, లండన్, ఆమ్‌స్టర్‌డామ్ అనే మూడు ఊళ్లు ఆ వరసలో తిరగలేరు.

ఎందుకో చూడండి. పారిస్‌లో లండన్ రైలు ఎక్కే గార్ దు నోర్ స్టేషన్‌లోనే ఫ్రాన్స్ ఇమిగ్రేషన్ మీరు బయటికి వెళ్లినట్టు నమోదు చేస్తుంది. నాలుగడుగుల అవతల బ్రిటన్ అధికారుల కౌంటరు. దానికి బ్రిటన్ వీసా విడిగా ఉండాలి. రైలు ఎక్కకముందే మీరు షెంజెన్ దాటేశారు. నాలుగు రోజుల తర్వాత లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లాలంటే అది రెండో ఎంట్రీ. స్టిక్కరు మీద ఇంకా తొమ్మిది రోజులు మిగిలి ఉన్నా, 01 కాబట్టి అవి పనికిరావు. ఆమ్‌స్టర్‌డామ్ హోటలు డబ్బులు, అక్కడి నుంచి ఇంటికి రావాల్సిన టికెట్టు డబ్బులు అన్నీ గాల్లో కలిసినట్టే.

లండన్‌ని మొదట్లోనో చివర్లోనో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. హైదరాబాద్, లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, హైదరాబాద్ అని వరస మారిస్తే ఒక్క ఎంట్రీ చాలు. మధ్యలోనే పెట్టాలనుకుంటే దరఖాస్తులోనే రెండు ఎంట్రీలు అడిగి, బ్రిటన్ వీసానీ ప్రయాణ పథకాన్నీ జతచేయాలి.

ఇలాంటి దొంగ గుంటలు మ్యాపులో ఇంకొన్ని ఉన్నాయి. ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య కొండల్లో ఉన్న అండోరా షెంజెన్‌లో లేదు. దానికి విమానాశ్రయం లేదు. వెళ్లాలన్నా రావాలన్నా షెంజెన్ గుండానే, కాబట్టి రెండు ఎంట్రీలు కావాలి. ధ్రువ ఎలుగుబంట్లని చూద్దామని నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవులకి వెళ్తే అదీ అంతే. నార్వే షెంజెన్‌లో ఉంది, స్వాల్‌బార్డ్ లేదు. మొనాకో, వాటికన్, శాన్ మారినోలకి మాత్రం ఆ బెంగ లేదు. సరిహద్దు దగ్గర ఎవరూ ఆపరు.

4 రాత్రులు: ఏ దేశాన్ని అడగాలి?

వీసా ఒకటే అయినా ఇచ్చేది ఏదో ఒక దేశమే. ‘ఎక్కడ అపాయింట్‌మెంటు త్వరగా దొరికితే అక్కడ వేసేద్దాం’ అనే సలహా ఊరంతా తిరుగుతుంటుంది. నియమం అలా లేదు. ఎక్కువ రోజులు గడిపే దేశం, లేదా ప్రయాణంలో అసలు పని ఉన్న దేశం దగ్గరే దరఖాస్తు చేయాలి. అన్నిచోట్లా సమానంగా ఉంటే, మొదట ఏ దేశపు గేటు దాటుతారో ఆ దేశం.

పారిస్‌లో 3 రాత్రులు, స్విట్జర్లాండ్‌లో 4, ఇటలీలో 3 అయితే, దిగేది పారిస్‌లో అయినా దరఖాస్తు స్విట్జర్లాండ్‌కి. స్విట్జర్లాండ్‌లో ఒక రాత్రి తగ్గించి మూడుచోట్లా మూడేసి చేస్తే ఫ్రాన్స్‌కి. ఒక్క రాత్రి అటూఇటూ అయితే కాన్సులేటే మారిపోతుంది.

ఒక దేశం ఇచ్చిన వీసాతో అక్కడ అడుగే పెట్టకుండా వేరే దేశాల్లో తిరిగి వస్తే, ఇమిగ్రేషన్‌లోనో తర్వాతి దరఖాస్తులోనో ప్రశ్నలు తప్పవు. చెప్పిన ప్రయాణం ఒకటి, చేసింది ఒకటి అన్నట్టు కనిపిస్తుంది. ప్రణాళిక నిజంగా మారితే అది నేరం కాదు. మారిందని చూపించే కాగితాలు దగ్గర పెట్టుకోవాలి.

విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లకి ఇందులో మరో మెలిక ఉంది. దరఖాస్తు చేయాల్సింది మనం చట్టబద్ధంగా నివసిస్తున్న చోట. డాలస్‌లో హెచ్-1బీ మీద పనిచేస్తున్న తమ్ముడు అమెరికాలోనే దరఖాస్తు చేస్తాడు. అతనిది భారత పాస్‌పోర్టు కాబట్టి వీసా కావాల్సిందే. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నకి వీసా అక్కర్లేదు. కానీ 90/180 లెక్క ఇద్దరికీ ఒక్కటే. వీసా లేకుండా వెళ్లేవాళ్లకి వీసా బాధ లేదే తప్ప, రోజుల పరిమితి ఉంది.

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న కూతురికి జర్మనీలో గడిపే రోజులు ఈ ఖాతాలోకి రావు. ఆ అమ్మాయి సెలవులకి ఫ్రాన్సో ఇటలీయో వెళ్తే మాత్రం, అక్కడి రోజులకి 90/180 వర్తిస్తుంది.

6 నెలలు, 15 రోజులు, 90 యూరోలు

దరఖాస్తుని ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి వేయవచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు. అందిన దరఖాస్తు మీద మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, లోతుగా పరిశీలించాల్సి వస్తే 45 రోజుల దాకా తీసుకోవచ్చు. ఈ గడియారం నడిచేది దరఖాస్తు స్వీకరించాకే. అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూసే రోజులు ఇందులో లేవు. వేసవి సెలవుల ప్రయాణానికి సంక్రాంతి నాడే పని మొదలుపెట్టమనేది అందుకే.

పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటకూడదు. తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలల గడువు ఉండాలి. 2 ఖాళీ పేజీలు ఉండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి, ఉండే రోజులన్నిటికీ, షెంజెన్ దేశాలన్నిటికీ చెల్లేలా తీసుకోవాలి. మొదటిసారి పది వేళ్ల ముద్రలు ఇస్తారు. ఆ తర్వాత 59 నెలల్లోపు మళ్లీ దరఖాస్తు చేస్తే పాతవే వాడుకోవచ్చు. 12 ఏళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదు.

రుసుము 2024 జూన్ 11 నుంచి 80 యూరోల నుంచి 90కి పెరిగింది. 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకి 45. ఆరేళ్లలోపు వారికి ఏమీ లేదు. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్న కుటుంబానికి 90, 90, 45, 0 కలిపి 225 యూరోలు. దీనికి వీసా దరఖాస్తు కేంద్రం వసూలు చేసే సేవా రుసుము అదనం. అది మామూలుగా వీసా రుసుములో సగానికి మించకూడదు. కొరియరు, ఎస్సెమ్మెస్, ప్రత్యేక గది లాంటివి కేంద్రం అమ్మే సేవలు. కావాలంటే తీసుకోవచ్చు. వాటికి డబ్బు కట్టినంత మాత్రాన వీసా వచ్చే అవకాశం పెరగదు, నిర్ణయం కాన్సులేటుది.

100లో 15: తిరస్కరణ

2024లో ప్రపంచం మొత్తం మీద షెంజెన్ వీసా కోసం దాదాపు 1.17 కోట్ల దరఖాస్తులు వచ్చాయి. అందులో భారతదేశం నుంచి వేసినవి 11 లక్షల పైమాటే. చైనా, తుర్కియేల తర్వాత మనదే పెద్ద సంఖ్య. మన దరఖాస్తుల్లో సుమారు 15 శాతం తిరస్కరణకి గురయ్యాయి. అంటే దాదాపు ప్రతి ఏడింటిలో ఒకటి. కట్టిన రుసుము వెనక్కి రాదు.

తిరస్కరించినప్పుడు కారణాల మీద టిక్కులు పెట్టిన ఒక ఫారం చేతికిస్తారు. ప్రయాణ ఉద్దేశం సరిగ్గా చూపలేదు, ఖర్చులకి తగిన డబ్బు ఉన్నట్టు నిరూపించలేదు, గడువులోగా తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదు అన్నవి అందులో కొన్ని. మూడో దాని గురించి మనవాళ్లు బాధపడతారు గానీ, అధికారి మన మొహం చూసి కాదు, కాగితాలు చూసి అనుకునే మాట అది. సెలవు మంజూరు చేసిన ఉత్తరం, కొన్ని నెలలుగా నిలకడగా నడుస్తున్న బ్యాంకు ఖాతా, పన్ను రిటర్నులు, ఇంటి దగ్గర ఉన్న బాధ్యతలు దానికి జవాబు. దరఖాస్తుకి రెండు రోజుల ముందు ఖాతాలో ఒక్కసారిగా పడిన ఐదు లక్షలు జవాబు కాదు, ఇంకో ప్రశ్న.

ఆ ఫారం మీదే అప్పీలు ఎక్కడ, ఎన్ని రోజుల్లో చేసుకోవాలో రాసి ఉంటుంది. లోపం సరిదిద్దుకొని మళ్లీ దరఖాస్తు కూడా చేయవచ్చు. ఒకసారి కాదన్నారు కాబట్టి మళ్లీ కాదనాలన్న నియమం లేదు. కానీ పాత తిరస్కరణని దాచకూడదు. అది వాళ్ల కంప్యూటర్లో ఉంటుంది.

2, 2, 5: నమ్మకానికి దక్కే ఫలం

సక్రమంగా వెళ్లి సక్రమంగా తిరిగి వచ్చినవారికి 2024 ఏప్రిల్ నుంచి ఒక మేలు జరిగింది. భారతదేశంలో నివసించే భారతీయులు గత 3 ఏళ్లలో 2 షెంజెన్ వీసాలు తీసుకుని నిబంధనల ప్రకారం వాడి ఉంటే, 2 ఏళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసాకి అర్హులు. ఆ తర్వాత మామూలుగా 5 ఏళ్లది ఇస్తారు, పాస్‌పోర్టు గడువు సరిపోవాలి. భారత్‌లో ఉంటున్నవారి కోసం పెట్టిన వెసులుబాటు కాబట్టి డాలస్ తమ్ముడికి ఇది వర్తించదు. అతనికి అందరికీ ఉన్న మామూలు మెట్లే.

ఐదేళ్ల వీసా చేతికొచ్చాక మళ్లీ పాత పొరపాటే పొంచి ఉంటుంది. ఐదేళ్లు గేటు తెరిచి ఉంటుంది, అంతే. లోపల కూర్చోవడానికి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. ఎంత జాగ్రత్తగా లెక్కేసుకున్నా సగం కాలం బయటే ఉండాలి.

12-10-2025: ముద్ర నుంచి మరకి

మొన్నమొన్నటిదాకా ఈ లెక్కంతా పాస్‌పోర్టులో పడ్డ ముద్రల మీద నడిచేది. అధికారి పేజీలు తిప్పి, చెరిగిపోయిన సిరాని గుచ్చిగుచ్చి చూసి, వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు. ఒకటి రెండు రోజుల తేడా కంటి చూపుకి దొరక్కుండా పోయిన సందర్భాలూ ఉండేవి. ‘‘మా వాడు రెండు రోజులు ఎక్కువున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు’’ అనే కథలన్నీ ఆ కాలానివే.

2025 అక్టోబరు 12న ‘ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్’ మొదలైంది. 2026 ఏప్రిల్ 10 నాటికి అన్ని సరిహద్దుల్లో పూర్తిగా అమలు చేయాలన్నది ప్రణాళిక. బయటి దేశాల నుంచి వచ్చేవారి ముఖచిత్రం తీసుకుంటారు. వీసా లేకుండా వచ్చేవారివైతే వేలిముద్రలు కూడా తీసుకుంటారు. వీసా ఉన్నవారి వేలిముద్రలు వీసా వ్యవస్థలో ముందే ఉంటాయి. వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ కంప్యూటరులో పడతాయి. ఎన్ని రోజులు మిగిలాయో యంత్రమే చెబుతుంది. ఈ వివరాలు మామూలుగా 3 ఏళ్లు ఉంటాయి, బయటికి వెళ్లినట్టు నమోదు కాకపోతే 5 ఏళ్లు.

గడువు మీరితే ఏం చేస్తారన్నది ఆయా దేశాల చట్టాల్ని బట్టి ఉంటుంది. జరిమానా కావచ్చు, కొంతకాలం రాకుండా నిషేధం కావచ్చు. ఏమీ అనకుండా పంపించినా, తర్వాతి వీసా అడిగినప్పుడు ఆ రెండు రోజులూ తెర మీద కనిపిస్తాయి.

నిజంగా చిక్కుకుపోతే దారి ఉంది. విమానాలు ఆగిపోవడం, హఠాత్తుగా ఆసుపత్రి పాలవడం లాంటివి జరిగితే, గడువు ముగియకముందే అక్కడి అధికారుల దగ్గరికి వెళ్లి పొడిగింపు అడగవచ్చు. మన చేతిలో లేని కారణాలకి, మానవతా కారణాలకి రుసుము ఉండదు. తీవ్రమైన వ్యక్తిగత కారణమైతే 30 యూరోలు. మనవడి ముద్దుమాటలు విడిచి రావడం కష్టంగా ఉందన్నది ఆ జాబితాలో లేదు.

మిగిలిన మూడు రోజులు

మళ్లీ మొదటి ఫోను దగ్గరికి వద్దాం. సెప్టెంబరు 28 ఆఖరి రోజని తేలింది. ‘‘అయితే 28కే చేసెయ్యనా అమ్మా?’’ అంటుంది కూతురు. చేయకూడదు. 28 రాత్రి విమానం రద్దయితే 29న ఎక్కాలి, అది 91వ రోజు. ఎప్పుడూ రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకొనే టికెట్టు చేసుకోవాలి. సెప్టెంబరు 25 అనుకుందాం. అప్పుడు ఆవిడ ఉన్నది 87 రోజులు.

‘‘మూడు రోజులు ఊరికే పోయాయి కదే’’ అంటుంది అమ్మ.

పోలేదు. క్యాలెండరు ముందు నిలబడి లెక్కపెడితే కనిపిస్తుంది. 90 రోజులూ వాడుకొని 28న వచ్చేస్తే, జులై 1 నాటి టిక్కు రాలిపోయే డిసెంబరు 28 దాకా ఆవిడ మళ్లీ వెళ్లలేదు. 25నే వచ్చేస్తే, వీసా ‘మల్ట్’ అయి, గడువు ఇంకా ఉంటే, డిసెంబరు 25నే దిగవచ్చు. 25, 26, 27 తేదీలకి ఆ దాచుకున్న మూడు రోజులు సరిపోతాయి. 28 నుంచి జులై గళ్లు రోజుకొకటి చొప్పున రాలుతూ దారిస్తాయి.

అప్పటికి బాబుకి బోర్లాపడటం వచ్చి ఉంటుంది.